మామ వెనక్కి ఎక్కిన కొండ

ఆ పొద్దున బుక్కరాయసముద్రంలో మా డ్రైవింగ్ స్కూల్ కారు అద్దాలు తుడుస్తున్నాను. కొత్తగా చేరిన ఒకాయన స్టీరింగ్ ముందు కూర్చుని సీటు సర్దుకుంటున్నాడు. అప్పుడే ఫోన్ మోగింది. అవతల మా మేనమామ కొడుకు.

"బావా, నాయన పోయినాడు" అన్నాడు. వెనకాల మా అత్త ఏడుపు వినబడుతోంది. "నిద్దర్లోనే పోయినాడు. నువ్వు బిన్నా బయల్దేరు. ఇంటికాడికి మాత్రం రావద్దు బావా. నేరుగా కొండకాడికి పో. ఈ పొద్దు స్వామికి నీళ్ళు నువ్వే ఎక్కియ్యల్ల."

చావు కబురు చెబుతూ, అదే నోటితో ఇంటికి రావద్దని చెప్పేవాణ్ణి మీరెక్కడైనా చూశారా? వాడి తప్పేమీ లేదు. ఆ మాట మా మామే చెప్పి పెట్టి పోయాడు.

మామ వాళ్ళది గోరంట్ల దగ్గర ఒక ఊరు. ఊరి పొలిమేర దాటగానే ఒక కొండ, దాని నెత్తిన ఆంజనేయస్వామి. కొండ కింద ఉన్న బావి నుంచి రోజూ పొద్దు గూకేలోపల స్వామికి నీళ్ళు ఎక్కాలి. ఆ నీళ్ళు మామ ఇంటివాళ్ళు గానీ, ఆ ఇంటి ఆడపడుచు కొడుకు గానీ తేవాలి. ఊళ్ళో ఎవరైనా పోతే శవం లేచేదాకా ఊరి గుళ్ళు తెరవరు గానీ, కొండ పొలిమేర అవతల కాబట్టి అక్కడ నీళ్ళు ఆగడానికి వీల్లేదు. మామ ఇంట్లోనే చావు జరిగితే? ఇంటిపేరున్న వాళ్ళందరికీ మైల. అప్పుడు మైల తీరేదాకా ఆ ఇంటి ఆడపడుచు కొడుకే తేవాలి. అన్నాళ్ళూ అతను కూడా చావు ఇంటి గడప తొక్కకూడదు, మట్టి పోయకూడదు. ఆ ఆడపడుచు మా అమ్మ. ఆ కొడుకుని నేనొక్కణ్ణే.

అంటే నాకు రెండిట్లో ఒకటే దక్కుతుంది. మామ ముఖం చివరిసారి చూసుకోవచ్చు, లేదా మామ నీళ్ళు ఆగకుండా చూడొచ్చు. కారు నేర్చుకోవడానికి వచ్చినాయన్ని దింపి, క్షమించమని చెప్పి, అదే కారులో బయల్దేరాను. దారంతా మామ గురించి ఆలోచిస్తూనే పోయాను. ఆ ఆలోచనలే ఇక్కడ రాస్తున్నాను.

మా తట్టు కొండలంటే గుండ్ల కుప్పలే. చెట్టు ఉండదు, ఊట ఉండదు. ఆ పైన చుక్క నీరు కావాలన్నా కింద నుంచి మోయాల్సిందే. మామ తాత మోశాడు, నాయన మోశాడు, ఆ తర్వాత మామ మోశాడు. ఇత్తడి బిందె భుజాన పెట్టుకుంటే మళ్ళీ స్వామి ముందే దించాలి. దారిలో నేలకి తగలకూడదు. ఆయాసం వస్తే బిందెతోనే నిలబడి తీర్చుకోవాలి. మోస్తున్నంతసేపూ మాట్లాడకూడదు కూడా.

చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఆయన వెనకాలే ఎక్కేవాణ్ణి. నోరు ఊరుకుంటుందా? ఆ గుండు ఎందుకు పడిపోదు, తొండ తల ఎందుకు ఊపుతుంది, స్వామికి చలి పెట్టదా, ఇలా అడుగుతూనే ఉండేవాణ్ణి. మామ పలికేవాడు కాదు. పైకెళ్ళి, బిందె దించి, నీళ్ళు పోసి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, అప్పుడు మొదలుపెట్టేవాడు. మొదట గుండు సంగతి, తర్వాత తొండ సంగతి, ఆ తర్వాత స్వామి చలి సంగతి. నేను అడిగి మర్చిపోయినవి కూడా ఆయనకి వరసగా గుర్తుండేవి. మనిషి నోరు మూసుకుని ఉన్నంత మాత్రాన విననట్టు కాదని నాకు అప్పుడే తెలిసింది.

గొర్రెల మంద కాసుకుంటూ, రోజూ కొండ ఎక్కి దిగుతూ మామ ముసలివాడయ్యాడు. ముందు మోకాళ్ళు అరిగాయి. ఒక ఎండాకాలం సగం దారిలో గుండుకి ఆనుకుని, బిందె భుజం మీదే ఉంచుకుని చాలాసేపు నిలబడిపోయాడట. కింద మేకలు మేపుతున్నవాళ్ళు చూసి ఊళ్ళో చెప్పారు. కొడుకు హిందూపురంలో ఫ్యాక్టరీ షిఫ్టుల్లో ఉంటాడు, రోజూ రాలేడు. పెద్దమనుషులు కూర్చున్నారు. ఆ రోజు నేను కూడా ఊళ్ళోనే ఉన్నాను.

"ఏమప్పా, మోకాళ్ళు ఒప్పుకోకుంటే సేవ నీ తమ్మునికి ఇచ్చేయ్. దాంట్లో తప్పేముండాది?" అన్నాడు ఒక పెద్దాయన.

తమ్ముడంటే సొంత తమ్ముడు కాదు, మామ చిన్నాయన కొడుకు. ఒకే ఇంటిపేరు. గట్టి కాళ్ళు, గట్టి గొంతు. ఆయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు గానీ, కళ్ళు మామ మోకాళ్ళ మీదే ఉన్నాయి.

"అడిగినారు, సంతోషం" అన్నాడు మామ. "వానలు పడేదాకా గడువియ్యండి."

అందరూ పకపకా నవ్వారు. మా జిల్లాలో వానలు పడేదాకా అంటే ఎప్పటిదాకానో ఎవరికి తెలుసు? నవ్వారు కాబట్టి గడువు ఇచ్చినట్టే అయింది. మామ మాత్రం నవ్వలేదు. ఇంటికి నడుస్తూ, "అల్లుడా, నీళ్ళు మోసే పని పోతే నేను ఊరికే ముసిలోణ్ణి" అన్నాడు నాతో.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మామ మందలో సగం గొర్రెలు అమ్మేశాడని, ఏదో బండి కొన్నాడని తెలిసింది. బెంగుళూరు దగ్గర మూతపడిన ఒక రిసార్టులో పచ్చిక కోయడానికి వాడిన చిన్న ట్రాక్టరు అది. లారీలో వచ్చి ఊళ్ళో దిగినప్పుడు చూడాలి సంబరం. మామూలు ట్రాక్టరు పక్కన పెడితే దాని బానెట్టు అంత ఎత్తే ఉంది. చుట్టూ మూగినవాళ్ళలో ఒకాయన, "ఏమప్పా, పెద్ద ట్రాక్టరు ఈనిందా ఏంది?" అన్నాడు. దాంతో పేరు పడిపోయింది. ఊరంతా దాన్ని దూడ అనే పిలిచేది.

ఇంట్లో డ్రైవింగు పండితుణ్ణి నేనే కదా, నన్ను పిలిపించారు. దర్జాగా ఎక్కి కూర్చున్నాను. ఎడమ కాలు క్లచ్ కోసం వెతికింది. లేదు. ఎడమచెయ్యి గేరు కోసం వెతికింది. కొండకొకటి, చదునుకొకటి పెట్టుకునే చిన్న కడ్డీ తప్ప గేర్లు లేవు. బండితో వచ్చిన మెకానిక్కు చెప్పాడు, ఇది హైడ్రోస్టాటిక్ అట. ఇంజను లోపల ఒక పంపుని తిప్పుతుంది, పంపు నూనెని తోస్తుంది, ఆ నూనె చక్రాల్ని తిప్పుతుంది. బ్రేకు కాక, నడపడానికి కుడికాలి కింద ఒకే పెడలు. ముందరి వేళ్ళతో నొక్కితే ముందుకి, మడమతో నొక్కితే వెనక్కి. కాలు తీస్తే నూనె కదలదు, బండి ఉన్నచోటే నిలబడుతుంది.

నేను అంతా క్లచ్ మీద బతికేవాణ్ణి. క్లచ్ లేని బండంటే ఉప్పులేని కూడులాగా అనిపించింది. మామ మాత్రం పెడలు మీద వేళ్ళు పెట్టి, తీసి, మడమ పెట్టి, తీసి, ముందుకీ వెనక్కీ జానెడు జానెడు కదిలిస్తూ ఆ పొద్దంతా ఆడుకున్నాడు. "దీనికి నా మోకాలితో పనే లేదు రా. పాదం ఉంటే చాలు" అన్నాడు. ఆ ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

కొండకి ఒక మట్టిదారి ఉంది. సెల్ టవరు పెడతామని వచ్చినవాళ్ళు దారి చేసి, టవరు పెట్టకుండానే పోయారు. పైకి పోయేకొద్దీ అది నిట్రంగా లేస్తుంది. గుడి కింద ఒకచోట మరీ నిలువు. ఒక పరుషకి, అంటే జాతరకి, సామాన్లు ఎక్కిస్తూ పెద్ద ట్రాక్టరు ఒకటి అక్కడ ముందర చక్రాలు లేచి వెనక్కి పడబోయింది. డ్రైవరు దూకి బతికాడు. ఆ తర్వాత ఆ దారిన ఎవరూ చక్రం ఎక్కించలేదు.

మామ బండి వెనక ఒక ఇనుప చట్రం కట్టించాడు. దాంట్లో రెండు బిందెలు, ఒక నీళ్ళ డ్రమ్ము. మొదటి రోజు మామూలుగా ముందుకే ఎక్కాడు. నేను పక్కనే నడుస్తున్నాను. నిలువు దగ్గరికి రాగానే ఇంజను గుర్రుమంది, ముందరి చక్రాలు నేల వదిలి బెత్తెడు లేచాయి. నా ప్రాణాలు పైకే పోయాయి. మామ కాలు తీసేశాడు. బండి అలాగే ఆగింది, చక్రాలు మెల్లగా నేలకి దిగాయి. మామ మెల్లగా వెనక్కి దింపుకుంటూ కిందికి వచ్చేశాడు. ఆ పొద్దు స్వామికి నీళ్ళు నా చేత మోయించాడు. సగం దారిలోనే నా భుజం ఊడిపోతుందనుకున్నాను. అప్పుడు అర్థమైంది, ఈ మనిషి ఇన్నేళ్ళు ఏం చేశాడో.

మర్నాడు కొండ కింద రేకుల షెడ్డులో బండి ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. నేను పంచరు వేసేవాణ్ణి పిలుద్దామా, ముందర రాళ్ళు కడదామా అంటూ సలహాలు ఇస్తున్నాను. "గమ్మునుండు" అన్నాడు. కాసేపయ్యాక లేచాడు. "బరువు కొండ తట్టు ఉండల్ల రా. మనిషికైనా, బండికైనా. బిందె మోసేటప్పుడు నేను కొండ తట్టుకే వాలేది. ఇది ఊరి తట్టు వాలతాండాది. దీన్ని తిప్పల్ల."

తిప్పాడు. బండి ముక్కు ఊరి వైపు, నీళ్ళు కొండ వైపు. మడమ నొక్కి వెనక్కి ఎక్కడం మొదలుపెట్టాడు.

నేను బోలెడు మందికి బండి నేర్పాను. ఘాట్ రోడ్లలో లారీలు తోలే మొనగాళ్ళని చూశాను. అలాంటిది మాత్రం ఎక్కడా చూడలేదు. డెబ్బై దగ్గరపడిన మనిషి, కుడిచెయ్యి మడ్‌గార్డు మీద ఆనించి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి, ఎడమచేత్తో స్టీరింగు తిప్పుకుంటూ, గుండ్ల మధ్య ఆ సన్నదారిలో వెనక్కి పోతున్నాడు. నిలువు వచ్చింది. ఇంజను మూలగసాగింది. నేనైతే అక్కడ కాలు గట్టిగా నొక్కేవాణ్ణి. బండి మూలిగితే ఎవరైనా నొక్కుతారు. మామ కాలు తగ్గించాడు. నూనె తక్కువ పారింది, బండి నెమ్మదించింది, దాని బలం పెరిగింది. చక్రాలు ఒక్కొక్క రాయినీ పట్టుకుని, వదిలి, పట్టుకుని, నిలువు దాటేశాయి. నేను కింద నిలబడి నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

పైన నీళ్ళు పోశాక చెప్పాడు. "బండి ఏడిస్తే ఇంకా కొట్టకూడదల్లుడా. కాలు తగ్గిస్తే అదే ఎక్కుతాది." ఈ మాట నేనిప్పుడు నా దగ్గర నేర్చుకునేవాళ్ళకి చెబుతుంటాను. వాళ్ళు తోలేది క్లచ్ బండ్లు, వాటికి ఇది సరిపోదు. అయినా చెబుతుంటాను.

ఊళ్ళో ఈ సంగతి తెలిసి సంతోషించారని మీరనుకుంటే ఆ ఊరు మీకు తెలియదన్నమాట. ఆ సాయంత్రమే పెద్దమనుషులు కొండ కిందికి వచ్చారు. తమ్ముడు కూడా వచ్చాడు. మొదటి ప్రశ్న ఆయనే వేశాడు.

"అన్నా, నీళ్ళు నేలకి తగలకూడదంటారు. టైర్లు నేల మీదే గదా పోతాండేది?"

"నేను మోసినన్నేండ్లు నా కాళ్ళు గాల్లో ఉన్నాయా?" అన్నాడు మామ.

ఆ ప్రశ్న అక్కడితో ముగిసింది. అసలు ప్రశ్న ఒక పెద్దాయన అడిగాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, నిజంగానే బాధ ఉంది.

"అది కాదప్పా. నీ తాత, నీ నాయన స్వామి ముఖం చూస్తా ఎక్కినారు. నువ్వేమో స్వామికి వీపు చూపిచ్చి ఎక్కితివి. సేవ చేసేటోనివి నువ్వే అట్ల చేస్తే ఇంగ మేమేం చెయ్యల్ల?"

గుడిలోంచి బయటికి వచ్చేటప్పుడు కూడా దేవుడికి వీపు చూపకుండా వెనక్కి నడిచే వాళ్ళం మేము. ఆ మాట చిన్నది కాదు. మామ సేవ ఆ మాట మీదే ఆగిపోయేలా ఉంది.

మామ ఆ పెద్దాయనతో అన్నాడు: "వీపు బండిది నాయనా. నాది కాదు. వెనక చూడకుండా ఎవుడన్నా వెనక్కి తోలతాడా? కింద ఎక్కింది మొదలు పైన దిగేదాకా నా ముఖం స్వామి తట్టే ఉండాది. రెప్ప వాలిస్తే లోయలో ఉంటా. ఇంతకు ముందు బిందెతో ఎక్కేటప్పుడు కాళ్ళకింద రాళ్ళు చూసుకుంటా పోతాంటి. ఇన్నేండ్లలో స్వామిని ఇంతసేపు చూసింది ఈ పొద్దే."

పెద్దాయన తన తల వెనక్కి తిప్పి, కొండ వైపు చూసి, మళ్ళీ ముందుకి తిప్పుకుని, "అవును గదా" అన్నాడు. తమ్ముడు మాత్రం వదల్లేదు. "మరి దిగేటప్పుడో?" అన్నాడు.

"దిగేటప్పుడు గూడా స్వామినే చూస్తే, నేరుగా ఆయప్ప కాడికే పోతా" అన్నాడు మామ. ఈసారి తమ్ముడు కూడా నవ్వాడు. సేవ మామకే ఉండిపోయింది.

అప్పట్నుంచి రోజూ బండి వెనక్కి ఎక్కేది. పొలాల్లో పనిచేసేవాళ్ళు నడుం నిమురుకుంటూ లేచి నిలబడి చూసేవారు. చూడటానికి అలవాటు పడలేదు వాళ్ళు, నాకూ అలవాటు కాలేదు. బిందెల నీళ్ళు స్వామికి, డ్రమ్ము నీళ్ళు కొండెక్కి వచ్చేవాళ్ళకి. కోతులకి ఒక రాతితొట్టి నిండా పోసేవాడు. ఇంటికాడ మాత్రం ఒక చిక్కు వచ్చింది. రోజూ మెడ కుడివైపుకి తిప్పి తిప్పి ఆ మెడ అలాగే బిగుసుకుంది. అన్నం తింటున్నా, ఎవరితో మాట్లాడుతున్నా కుడిభుజం మీద నుంచే చూసేవాడు. "మనిషి తట్టు చూసి మాట్లాడు, స్వామి యాడికీ పోడు" అని మా అత్త తిట్టేది. మామ ఆమెనే కుడివైపు వచ్చి కూర్చోమనేవాడు.

తమ్ముడు ఒకరోజు పైన గుడి దగ్గర, "ఇదేం పెద్ద గొప్పన్నా, కిందికి నేను దింపుతా" అని సీటు ఎక్కాడు. మామ వద్దనలేదు, జాగ్రత్త చెప్పబోయేలోపలే ఆయన కదిలించేశాడు. మా తట్టు బండి తోలేవాళ్ళందరికీ ఒక జబ్బు ఉంది. వాలు కనబడితే చాలు, డీజిలు మిగులుతుందని న్యూట్రల్ కొడతారు. ఆయనా ఆ చిన్న కడ్డీని న్యూట్రల్లోకి లాగాడు. ఆ బండిని వాలులో పట్టి ఉంచేది లోపలి నూనే. కడ్డీ లాగితే చక్రాలకీ నూనెకీ సంబంధం తెగిపోతుంది. బండి దూడలాగే పరుగందుకుంది. కంగారులో ఆయన కాలు బ్రేకు కోసం వెళ్ళకుండా పెడలునే తొక్కింది, తొక్కినా లాభం లేకపోయింది. చివరికి కొండ వైపుకి తిప్పేసి ఒక కలబంద పొదలోకి దూరాడు.

మామ కుంటుకుంటూ దిగి వచ్చాడు. ముందు తమ్ముడి కాళ్ళూ చేతులూ తడిమి చూశాడు. ముళ్ళు తప్ప ఏమీ కాలేదు. అప్పుడు కుడిభుజం మీద నుంచి చూస్తూ అడిగాడు, "ఏం తమ్ముడా, డీజిలు మిగిలిందా?"

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరైనా కక్కుర్తికి పోయి నష్టపోతే అదే మాట అడుగుతారు. మామ మాత్రం ఆ తర్వాత ఆ తమ్ముణ్ణి ఎగతాళి చేయలేదు. రోజూ పక్కన కూర్చోబెట్టుకుని, మడమ ఎక్కడ పెట్టాలో, కాలు ఎక్కడ తగ్గించాలో నేర్పాడు. తన సేవ అడిగిన మనిషికి నేర్పడమేమిటని నేనంటే, "నాకు జొరమొస్తే నీళ్ళు లేక స్వామి ఎండల్లనా?" అన్నాడు.

తర్వాత నన్ను పట్టుకున్నాడు. వచ్చినప్పుడల్లా ఎక్కించేవాడు. నా ఎడమ కాలు లేని క్లచ్ కోసం నేలని తొక్కుతుంటే పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నిలువు దగ్గర నా అలవాటు కొద్దీ గట్టిగా నొక్కి బండి ఆపేసేవాణ్ణి. మాట్లాడకూడదు కాబట్టి "తగ్గించు, తగ్గించు" అని చేత్తో సైగ చేసేవాడు మడ్‌గార్డు మీద కూర్చుని. నేర్చుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మొదటిసారి ఆగకుండా పైకి చేరిన రోజు సంబరంగా ఆయన వైపు చూశాను. ఆయన స్వామికి నీళ్ళు పోసి వచ్చి, నా పక్కన రాతి మీద కూర్చున్నాడు.

"తమ్మునికి నేర్పినా, నా కొడుక్కి నేర్పినా" అన్నాడు. "నేను పోయిన పొద్దు వాళ్ళెవరికీ పనికిరాదు. మా ఇంటిపేరు. నువ్వు మా అక్క కొడుకువి. నీకు మైల లేదు. నేను పోయినానని తెలిస్తే ఇంటికాడికి రావద్దు. నేరుగా ఈడికి రా."

నాకు కోపం వచ్చింది. "మామా, ఏం మాటలు అవి? నీ ముఖం చూడొద్దా నేను? నీకు పిడికెడు మట్టి పోయొద్దా?"

"నాకు మట్టి పోసేదానికి చానామంది ఉండారు" అన్నాడు. "నీళ్ళు ఎక్కిచ్చేదానికి నువ్వొక్కడివే."

ఇదంతా తలుచుకుంటూ ఊరి దగ్గరికి వచ్చాను. కొండ దారి మామ వీధి చివర నుంచే పోతుంది. అక్కడికి రాగానే పలక డప్పుల చప్పుడు వినబడింది. వీధిలో మనుషులు నిండి ఉన్నారు. ఇంటి ముందు పందిరి గుంజలు పాతుతున్నారు. కారు ఆపేశాను. దిగి, పది అడుగులు వేస్తే మామ కనబడతాడు. మా అమ్మ లోపలే ఉంది, మామ తల దగ్గర కూర్చుని ఉంటుంది. నేను స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఎవరో కారు అద్దం మీద తట్టారు. చూస్తే మామ దాయాది తమ్ముడు. ముట్టుకోకుండా దూరంగా జరిగి, చేతులు జోడించి, "పో అల్లుడా, పొద్దు పోతాండాది" అన్నాడు. ఆయన కళ్ళు వాచిపోయి ఉన్నాయి. కారు కదిలించాను.

బావి దగ్గర స్నానం చేశాను. బిందెలు తోమి, నింపి, చట్రంలో పెట్టాను, డ్రమ్ము కూడా నింపాను. సీటు మీద మామ తువ్వాలు మడిచి ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టలేక, దాని మీదే కూర్చున్నాను. ఇంజను వేసి, కడ్డీని కొండకి మార్చి, మెడ వెనక్కి తిప్పి, మడమ నొక్కాను.

మామ మడ్‌గార్డు మీద లేకుండా ఆ దారి ఎక్కడం అదే మొదలు. గుండ్లు రెండు పక్కలా వెనక్కి తప్పుకుంటున్నాయి. మాట్లాడకూడదు కాబట్టి మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే గుడి కనబడటం లేదు, భుజానికి తుడుచుకున్నాను. నిలువు వచ్చింది. ఇంజను మూలిగింది. నా కాలు దానంతటది నొక్కబోయింది. బిగబట్టి, తగ్గించాను. ఇంకా తగ్గించాను. బండి దాదాపు ఆగిపోయిందనిపించేంత నెమ్మదిగా, ఒక్కొక్క రాయినీ పట్టుకుంటూ ఎక్కింది. తల ఎత్తి చూస్తే గుడి రాళ్ళు, ఆ పైన ఆకాశం తప్ప ఏమీ లేవు. ఇన్నేళ్ళు రోజూ ఆయన చూసింది ఇదే. ఒక ముసలి మనిషి ఇంత ఎత్తుని రోజూ మెడ తిప్పి ఎలా చూశాడో, ఎంత ధైర్యం ఉంటే చూశాడో, నాకు ఆ క్షణంలో తెలిసింది. భయమూ భక్తీ రెండూ ఒకేసారి పట్టుకున్నాయి నన్ను.

పైన బిందె దించి స్వామి మీద నీళ్ళు పోశాను. కోతుల తొట్టి నింపాను. వచ్చి సీటులో కూర్చున్నాను. మెడ ముందుకి తిప్పితే ఊరంతా కింద పరుచుకుని ఉంది.

పాడె ఊరు దాటింది. శనక్కాయ చేల మధ్య దారిలో జనం చీమల బారులా కదులుతున్నారు. పలకల చప్పుడు ఒకసారి గాలికి వస్తోంది, ఒకసారి పోతోంది. సగం దారిలో ఆగారు. పాడె కిందికి దించారు. దింపుడు కళ్ళం. పోయిన మనిషి చెవిలో అయినవాళ్ళు పేరు పెట్టి పిలిచేది అక్కడే, ఒకవేళ ప్రాణం ఉంటే లేస్తాడేమోనని. ఒక మనిషి వంగాడు. మామ కొడుకే అయి ఉంటాడు. పిలుస్తున్నాడు. ఇక్కడికి ఏమీ వినబడలేదు.

నేను బండి సీటు మీద లేచి నిలబడ్డాను. నీళ్ళు పోయడం అయిపోయింది, ఇప్పుడు మాట్లాడొచ్చు. గొంతంతా పెట్టి పిలిచాను.

"మామా! నీళ్ళు ఎక్కినాయి!"

నా గొంతు గుండ్లకి తగిలి తిరిగింది. కింద ఎవరూ తల ఎత్తలేదు. కాసేపటికి పాడె మళ్ళీ భుజాలకెక్కింది. చేల దారిలో ఎర్రటి దుమ్ము లేచి, వాళ్ళ వెనకాలే కొంతదూరం నడిచి, మెల్లగా నేల మీదికి దిగింది.